పంజగుట్టలో మా బావ ముక్క

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. భయం కూడా లేదు. నా మొగుడు పోయిన వారం తిరగకముందే అతను పండుకున్న మంచం మీదే పండుకున్నాను. అందరూ వద్దన్నారు. వస్తే రానీ, అడగాల్సిన మాటలు నాక్కూడా కొన్ని ఉన్నాయి అన్నాను. రాలేదు. బతికున్నప్పుడు పిలిచినా పలకని మనిషి, పోయాక పిలవకుండా వస్తాడా?

నేను చెప్పబోయేది దయ్యం సంగతి కూడా కాదు. ఇందులో చచ్చి తిరిగొచ్చినవాళ్ళు ఎవరూ లేరు. ఇది మా బావ సత్తయ్య గురించి. మా అక్క పేరు అండాలు, ఆమె పెనిమిటి. ఆయన అమీర్‌పేటలో ఇప్పటికీ నిక్షేపంగా ఉన్నాడు. ఈ మాటలు రాయిస్తున్నానని తెలిసి పొద్దున్నే వచ్చి నా ఎదురుగా కుర్చీ వేసుకున్నాడు. నేను తప్పు చెబితే దిద్దుతాడట. నాకు సంతకం వరకే వచ్చు. నేను చెబుతుంటే అక్క కోడలు రాస్తోంది.

నా మొగుడు ఆటో నడిపేవాడు. ఊపిరితిత్తులు చెడిపోయి పోయాడు. ఆసుపత్రిలో అతన్ని చూసిన డాక్టరమ్మ, పంజగుట్టలో ఊపిరితిత్తుల జబ్బుల మీద పరిశోధన చేసే ల్యాబు ఒకటి నడిపేది. ఆమెను అందరూ పెద్దమేడం అంటారు. నేను ఒంటిదాన్నయ్యానని నన్ను అక్కడ పనిలో పెట్టింది. గాజు సామాను కడగడం, పెద్ద కుక్కరు లాంటి దాంట్లో వాటిని ఆవిరి పట్టడం, ఆసుపత్రి నుంచి ఐసు డబ్బాలు మోసుకురావడం, పని అయిపోయిన డిష్షుల్లో బ్లీచింగ్ నీళ్ళు పోసి పారబోయడం నా పనులు.

డిష్షులంటే అరచేతిలో పట్టే ప్లాస్టిక్ మూతల్లాంటివి. మనిషి ఊపిరితిత్తి ముక్కను సన్నగా తరిగి, అందులోంచి తీసిన కణాలను వాటిలో పెంచుతారు. గులాబీ రంగు నీళ్ళు ఉంటాయి. అదే వాటి తిండి. రోజు విడిచి రోజు ఆ నీళ్ళు మారుస్తారు. మన ఒళ్ళు ఎంత వెచ్చగా ఉంటుందో అంత వెచ్చగా ఉండే పెట్టెలో వాటిని దాస్తారు. దాన్ని ఇంక్యుబేటర్ అంటారు. నాకు నోరు తిరగక వెచ్చపెట్టె అనేదాన్ని. కొన్నాళ్ళకు అక్కడ అందరూ అదే మాట అనడం మొదలుపెట్టారు.

దసరా అయినా, బోనాలైనా ఎవరో ఒకరు వచ్చి ఆ కణాలకు తిండి పెట్టాల్సిందే. పీహెచ్‌డీ చేసే శిరీష అనే తెనాలి పిల్లకు అదే లోకం. అన్నం ముద్ద నోటి దగ్గరకు వచ్చాక కూడా "అయ్యో, మీడియా మార్చలేదు" అని లేచి పరుగెత్తేది. మీడియా అంటే ఆ గులాబీ నీళ్ళే. టెక్నీషియన్ యాదగిరి ఊరుకునేవాడా?

"పెండ్లి కాకముందే ఇంత సంసారమేంది మేడం మీకు?" అనేవాడు.

"మీకు పెళ్ళయ్యాక కూడా లేదుగా యాదగిరి గారూ, అది నాకిచ్చారనుకోండి" అనేది ఆ పిల్ల.

అట్లా ఉండేది ఆ ల్యాబు. పొద్దస్తమానం జబ్బుల సంగతే, పొద్దస్తమానం నవ్వులే.

ఇక మా బావ. అమీర్‌పేటలో ఆ రోజుల్లో గోడ కనబడేది కాదు, కంప్యూటర్ కోర్సుల కాగితాలే కనబడేవి. ఏ సందులో చూసినా హాస్టళ్ళే. ఆ హాస్టళ్ళలో పిల్లలు తినే చపాతీల పిండి చాలా వరకు మా బావ గిర్నిలోదే. గిర్ని అంటే పిండిమర. సాయంత్రం గిర్ని కట్టేసి బయటికొస్తే మనిషికి నల్లవెంట్రుక కనబడేది కాదు. కనురెప్పల మీద కూడా పిండే.

ఆయనకు దగ్గు పట్టుకుంది. ఫోటో తీస్తే ఎడమ ఊపిరితిత్తిలో గడ్డ ఉందన్నారు. మా అక్క మూడు చెరువుల నీళ్ళు తాగినట్టయింది. కోసి తీయాలన్నారు. ఆసుపత్రిలో చేరాక శిరీష వచ్చి మంచం పక్కన నిలబడింది. గడ్డతో పాటు దాని పక్కన మంచి భాగం కూడా కొంచెం వస్తుంది, అది మాకిస్తారా అని అడగడానికి.

"తీసి పారేసేదే గదా. మీరేం చేస్తరు దాన్ని?" అన్నాడు బావ.

"పెంచుతాం బాబాయ్ గారూ."

"పెంచుతరా? ఏం పెడతరు?"

"గులాబీ రంగు నీళ్ళండి. ఉప్పు, చక్కెర, కావలసినవన్నీ అందులో ఉంటాయి."

"మటన్ సుత ఉంటదా?"

"అది లేదండి."

"అయితే జర సన్నబడతది గని, తీసుకోండ్రి" అని సంతకం పెట్టాడు. మా అక్క ఏడుపు మధ్యలోనే నవ్వింది.

ఆ ముక్కను ఆసుపత్రి నుంచి ల్యాబుకు తెచ్చింది నేనే. ఆ రోజు వచ్చింది అదొక్కటే కాబట్టి ఎవరిదో అక్కడ తెలియనివాళ్ళు లేరు. పంజగుట్ట చౌరస్తాలో సిగ్నల్ పడేదాకా ఐసు డబ్బాను పొట్టకు ఆనించుకుని నిలబడ్డాను. బస్సులు నల్లగా పొగ వదులుతున్నాయి. డబ్బా మీద కొంగు కప్పాను. మూత బిగించిన డబ్బాకు కొంగెందుకు అక్కా అని యాదగిరి తర్వాత చాలా రోజులు నవ్వాడు.

గడ్డ చెడ్డది కాదని తేలింది. అంతకంటే వింత, గడ్డ చుట్టూ ఉన్న ఊపిరితిత్తి పిల్లవాడిదంత బాగుందట. శిరీష ఊపిరితిత్తులు గట్టిపడిపోయే జబ్బు మీద పని చేసేది. జబ్బువి చాలానే దొరుకుతాయి, వాటి పక్కన పెట్టి పోల్చడానికి మంచివి దొరకవు. మంచిదాన్ని ఎవరు కోయించుకుంటారు? అందుకని ఆ సంగతి తేలిన రోజు ఆ పిల్ల నన్ను పట్టుకుని గిర్రున తిప్పేసింది.

ఈ సంగతి తెలిశాక మా బావను పట్టలేకపోయాం. గిర్నికి వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాడు.

"నా ముక్కకు నౌకరి దొరికింది. పంజగుట్టల. ఏసీ రూము. నా కొడుకు ఎన్ని కోర్సులు చేసిండో లెక్కలేదు, వానికింకా దొరకలే."

నేను సాయంత్రం కనబడితే చాలు, "ఏం మరదలా, డ్యూటీ మంచిగ చేస్తున్నదా?" అని అడిగేవాడు. "చేస్తున్నది బావా, నీలెక్క బీడీకని బయటికి పోతలేదు" అనేదాన్ని.

ఒక్క మాట మాత్రం అప్పటినుంచే అనేవాడు. ఎడమ పక్క రొమ్ములో ఒకచోట నిద్రపోతున్నట్టు ఉందని. "నొప్పి లేదు. సల్లగుంటది. పండుకున్నట్టుంటది అంతే" అనేవాడు. కోసినచోట నరం తెగుతుంది, కొందరికి తిమ్మిరి అట్లాగే ఉండిపోతుంది అని డాక్టర్లు చెప్పారు. అందరం ఒప్పుకున్నాం. అది అబద్ధమని నేను ఇప్పుడు కూడా అనను.

మొదటి సంగతి రోహిణి కార్తెలో జరిగింది. రోడ్డు మీద తారు చెప్పుకు అంటుకునేంత ఎండ. మధ్యాహ్నం ల్యాబుకు ఫోన్ వచ్చింది. కిరాణా దుకాణంలో రూపాయి వేసి మాట్లాడే ఫోన్ నుంచి మా అక్క.

"చెల్లె, మీ బావ వణుకుతుండు. బొంతలు కప్పిన సుత ఆగుతలేదు. పండ్లు టకటక కొట్టుకుంటున్నయి."

"జ్వరమా?"

"ఒళ్ళు మామూలుగనే ఉన్నదే. నాకేం సమజైతలేదు. జల్ది రా."

ఇంటికి పోతానని అడగడానికి శిరీష దగ్గరికి పోయాను. ఆ పిల్ల నా వెంట రెండడుగులు వేసి ఆగిపోయింది. వెచ్చపెట్టె తలుపు పూర్తిగా మూసుకోలేదు. వేలు పట్టేంత సందు ఉంది. పైనుంచి ఏసీ గాలి సూటిగా అందులోకి పోతోంది. వేడి తగ్గితే కూత పెట్టే గంట చెడిపోయి అప్పటికే కొన్ని రోజులైంది. భోజనానికి తొందరపడి యాదగిరే సరిగ్గా వేయలేదు. శిరీష గబగబా తలుపు మూసి, యాదగిరికి అందాల్సిన తిట్లు అందించింది.

నేను ఆటోలో ఇంటికి చేరేసరికి మా బావ చొక్కా విప్పి, తువ్వాలుతో విసురుకుంటూ మా అక్కను తిడుతున్నాడు.

"గీ ఎండల గిన్ని బొంతలేందే? ఉడకబెడదామనుకున్నవా?"

"మరి గప్పుడు వణికినవ్ గద."

"గప్పుడు సలి పెట్టింది. గిప్పుడు పోయింది."

మా బావకు కొంచెం నాటకాలు అలవాటే. వేరే రోజైతే నేను పట్టించుకునేదాన్ని కాదు. కానీ ఒక్క విషయం చూడండి. మా అక్క ఫోన్ చేశాకే మేము ఆ తలుపు చూశాం. ముందు కాదు. బావకు ఎవరో చెప్పారనుకోవడానికి అప్పటికి ఎవరికీ తెలియదు.

మర్నాడు అన్నం తినేటప్పుడు ల్యాబులో ఇదంతా చెప్పాను. యాదగిరికి నవ్వాగలేదు. శిరీష మాత్రం చెంచా కింద పెట్టింది.

"మేడం, ఒక పని చేద్దామా? బాబాయ్ గారికి చెప్పకుండా ఒక డిష్షు బయట పెట్టి చూద్దాం. ఆయన వణికితే తెలిసిపోతుంది."

పెద్దమేడం పెరుగన్నం కలుపుకుంటూ, "మనిషి మీద చేసే పరీక్ష కదమ్మా. కమిటీ అనుమతి కావాలి" అంది.

"కమిటీకి ఏమని రాయాలండి?"

"అదే నేనూ ఆలోచిస్తున్నాను."

"దరఖాస్తు నేను రాస్త మేడం" అన్నాడు యాదగిరి. "సత్తయ్యకు సలి పెడుతున్నది, ఎందుకో చూస్తం, అనుమతి ఇయ్యండ్రి."

ఆ పరీక్ష ఎప్పుడూ జరగలేదు. మంచిదే అయింది. నేను కూడా మర్చిపోదామనే చూశాను.

వానాకాలం వచ్చింది. ఒక పొద్దున శిరీష వెచ్చపెట్టె తెరిచి అట్లాగే నిలబడిపోయింది. డిష్షుల్లో తెల్లగా, దూదిపోగుల్లా బూజు. పెద్దమేడం వచ్చి చూసింది, భూతద్దం కింద పెట్టి మళ్ళీ చూసింది. పెట్టెలో ఉన్న ఏ డిష్షునూ కాపాడలేమంది. అన్నింటినీ బ్లీచింగులో చంపి, పెట్టెను కడిగి, మళ్ళీ మొదలుపెట్టాలి.

ఇట్లాంటివి జరుగుతాయని ముందుజాగ్రత్తగా కొన్ని కణాలను చిన్న చిన్న గొట్టాల్లో పోసి గడ్డకట్టించి దాచడం అక్కడి అలవాటు. మూత తీస్తే తెల్లగా పొగలు కక్కే క్యాను ఒకటి ఉంటుంది, నైట్రోజన్ క్యాను. అందులో వేస్తే ఏళ్ళ తరబడి చావవట, నిద్రపోతాయట. కానీ బావ గొట్టాలన్నీ ఒక్కొక్కటే తీసి వాడేసింది శిరీష. ఇక లేవని చెప్పి, నేల మీద కూర్చుని ఏడ్చింది. ఆ పిల్ల చదువంతా బావ ముక్క మీదే నిలబడింది.

ఆమె ఏడుపు నాకు కనబడుతూనే ఉంది కానీ నా గుండె వేరే చోట కొట్టుకుంటోంది. బ్లీచింగ్ పోసేది నేను. తలుపు సందు తెరుచుకుంటేనే వణికిపోయిన మనిషి, ఆ నీళ్ళు పోస్తే ఏమైపోతాడు?

సాయంత్రం చెబితే మా అక్క నా చేతులు పట్టుకుంది. "నువ్వు పొయ్యకు చెల్లె."

"నేను పోయకపోతే యాదగిరి పోస్తడు అక్కా. ఎవరు పోసినా అదే గద."

"అయితే ఎవ్వల్నీ పొయ్యద్దని చెప్పు. బూజుంటే ఉండనియ్యి."

పెద్దమేడంకు చెప్పాను. నవ్వుతుందనుకున్నాను, నవ్వలేదు. "నాకైతే ఏమీ కాదనే ఉంది బాలమణీ. కానీ ఆయన్ను అడగకుండా చేయవద్దు" అంది.

గిర్ని అరుగు మీద కూర్చోబెట్టి మా బావను అడిగాం. ఒళ్ళో పడ్డ పిండి దులుపుకున్నాడు.

"ఆ పిల్ల ఏడ్చిందా?" అన్నాడు.

"ఏడ్చింది."

"పొయ్యకపోతే బూజు పక్కోళ్ళ ముక్కలకు సుత అంటుతదా?"

"అంటుతది."

"ఇగ సోచాయించుడేంది? నౌకరన్నంక రిటైర్మెంట్ ఉండదా? నేను సుత వస్త. నా ముంగట సాగనంపుండ్రి."

యాదగిరికి ఆ మాట చాలు. మర్నాడు మేము పోయేసరికి ల్యాబు బయట వరండాలో కుర్చీలు వేసి ఉన్నాయి. కాగితపు పళ్ళేల్లో జిలేబీ, మిక్చరు. శాలువా ఒకటి, బంతిపూల దండ ఒకటి. పూలు లోపలికి పోనివ్వరు కాబట్టి దండ బావ మెడలోనే వేశారు. పక్క గదుల్లో పనిచేసేవాళ్ళు కూడా వచ్చి నిలబడ్డారు.

పెద్దమేడం లేచి, గొంతు సవరించుకుని మాట్లాడింది. "సత్తయ్య గారి ముక్క మా దగ్గర ఒక్కరోజు సెలవు పెట్టలేదు. ఆలస్యంగా రాలేదు. జీతం పెంచమని అడగలేదు. ఇట్లాంటి ఉద్యోగి మాకు మళ్ళీ దొరకరు." అందరూ చప్పట్లు కొట్టారు.

బావ శాలువా సర్దుకుని లేచాడు. "నా ముక్క తరఫున అందరికీ దండాలు. మటన్ పెట్టలేదన్న బాధ ఒక్కటే ఉన్నది" అన్నాడు.

అంత నవ్వులోనూ నాకు రెండు కనబడుతూనే ఉన్నాయి. శాలువా కింద మా అక్క ఆయన మణికట్టు వదలకుండా పట్టుకుంది. మూల కుర్చీ వెనక, ఎవరికీ కనబడకుండా, పెద్దమేడం ఆక్సిజన్ సిలిండరు ఒకటి తెచ్చి పెట్టించింది.

నేను లోపలికి పోయాను. తొడుగులు వేసుకున్నాను. గాజు తలుపులోంచి బావ వీపు, బంతిపూలు కనబడుతున్నాయి. "తప్పనుకోకు బావా" అని, పోసేశాను. గులాబీ రంగు మెల్లగా వెలిసిపోయి తెల్లబడింది. తలెత్తి చూడటానికి ధైర్యం చాలలేదు.

బయటికొచ్చేసరికి మా బావ జిలేబీ నములుతున్నాడు.

"అయిపోయిందా?"

"అయిపోయింది బావా. నీకెట్లున్నది?"

"చెవి కాడ గుయ్యిమనే దోమ ఆగినట్టయింది. గంతే."

మా అక్క ఆయన భుజం మీద ఫెడీమని ఒకటి వేసి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది, నవ్వింది. యాదగిరి మిక్చరు పళ్ళెం పెద్దమేడం ముందు పెట్టి, ఇక తినండి మేడం అన్నాడు. నేను గోడకు ఆనుకుని కిందికి జారి కూర్చున్నాను. ఇంత భయపడింది దీనికా అని నాకు నామీదే నవ్వొచ్చింది.

అప్పుడు బావ అడిగాడు. "మరి ఇంకోటి?"

"ఇంకోటి లేదు బాబాయ్ గారూ, అన్నీ అయిపోయాయి" అంది శిరీష.

"ఎట్ల అయిపోతయి బిడ్డా? ఒకటి పండుకున్నది గద." చెయ్యి ఎడమ రొమ్ము మీద పెట్టుకున్నాడు. "గిది ఇంకా పండుకునే ఉన్నది. మస్తు సల్లటి తాన ఉన్నది. అందరికంటె కింద ఉన్నది."

నేను యాదగిరి వైపు చూశాను. అతని మొహం పాలిపోయింది.

"మేడం" అన్నాడు మెల్లగా. "మొదటిసారి దాచినప్పుడు ఒక గొట్టం పట్టకారుల నుంచి జారి క్యానుల పడ్డది. తర్వాత తీద్దామనుకున్న. మర్చిపోయిన."

క్యాను అడుక్కి గొట్టాలు జారిపోవడం ఏ ల్యాబులోనైనా జరిగేదేనట. చెయ్యి పెడితే వేళ్ళు కాలినట్టు పోతాయి కాబట్టి ఎవరూ వెంటనే వెతకరు. శిరీష అప్పటికే పరుగెత్తింది. పొగల్లో పొడుగాటి పట్టకారు పెట్టి యాదగిరి కెలుకుతుంటే, మేమంతా గాజు తలుపుకు ముక్కులు ఆనించి చూశాం. ఎవరెవరివో జారినవి కొన్ని పైకి వచ్చాయి. వాటిలో ఒకటి పట్టుకుని శిరీష కెవ్వుమంది. దాని మీద బావ నంబరు ఉంది.

నేను బావకు చెప్పి ఉంటానని యాదగిరి అన్నాడు. నాకే తెలియదు కదా. నువ్వే నోరు జారి ఉంటావని నేనన్నాను. మా అమ్మ తోడు, ఆ సంగతి నాకే మళ్ళీ గుర్తు రాలేదు అన్నాడు. పెద్దమేడం ఆలోచించి, "తిమ్మిరి ఉన్న మనిషి ఏదో అన్నాడు, అది తగిలింది" అంది. కావచ్చు అనుకున్నాను. అక్కడితో అయిపోతే నేను ఈ కథ ఎవరికీ చెప్పేదాన్ని కాదు.

వెచ్చపెట్టెను కడిగి, ఆరబెట్టి, మళ్ళీ నమ్మకం కుదిరేదాకా ఆ గొట్టాన్ని కదపలేదు. ఏ రోజు తీస్తారో శిరీష ఎవరికీ చెప్పలేదు. దిష్టి తగులుతుందని. ఇంత చదివిన పిల్లకు దిష్టేమిటని అడిగితే, "చదువు వేరు, దిష్టి వేరు ఆంటీ" అంది.

నాకు సెలవున్న ఒకరోజు గోధుమలు పట్టించుకోవడానికి గిర్నికి పోయాను. మిట్టమధ్యాహ్నం. బెల్టు చప్పుడుకు మాట వినబడటం లేదు. మా అక్క జల్లెడ పడుతోంది. బావ నా గోధుమలు పైన పోస్తూ, హాస్టలు వంటమనిషి గురించి ఏదో అరిచి చెబుతున్నాడు. చెబుతూ చెబుతూ ఆగిపోయాడు.

స్విచ్చు కట్టేశాడు. బెల్టు తిరిగి తిరిగి ఆగింది. చెయ్యి రొమ్ము మీద ఉంది. మొహం చూస్తే అప్పుడే నిద్రలేచిన పసిపిల్లవాడి మొహం.

"తెల్లారిందా?" అన్నాడు.

"పగటీలి తెల్లారుడేందయ్యా?" అంది మా అక్క జల్లెడ కింద పెట్టి.

బావ ఊపిరి పీల్చాడు. పీలుస్తూనే ఉన్నాడు. ఆపరేషన్ అయిన నాటి నుంచి ఆ మనిషి అంత నిండుగా ఊపిరి తీసుకోవడం నేను చూడలేదు. వదిలేసరికి ఎదురుగా ఉన్న పిండి లేచి మా ఇద్దరి మొహాల మీద పడింది.

"లేచింది" అన్నాడు. "పండుకున్నది లేచింది."

నేను కిరాణా దుకాణానికి ఉరికాను. ఫోన్లో రూపాయి వేసి ల్యాబుకు చేశాను. శిరీషే ఎత్తింది.

"శిరీషమ్మా, ఇప్పుడేం చేస్తున్నవ్?"

"ఆంటీ, ఇప్పుడే గొట్టం గోరువెచ్చటి నీళ్ళల్లో పెట్టి కరిగించాం. యాదగిరి గారి చేతిలో ఉంది. మీకెవరు చెప్పారండీ? నేను ఎవరికీ చెప్పలేదే."

వెనకాలే వచ్చిన బావ ఫోన్ లాక్కున్నాడు. నెత్తి మీది నుంచి పిండి రాలి ఆ ఫోనంతా తెల్లగైంది.

"బిడ్డా, లేచింది. ఆకలి మీదున్నది. జల్ది నీళ్ళు పొయ్యి" అన్నాడు.

అటువైపు నుంచి ఆ పిల్ల నవ్వు. పక్కన నిలబడ్డ నాకు కూడా వినబడేంత నవ్వు.

ఆ రోజు నా గోధుమలు సగం పట్టి సగం పట్టకుండా ఇంటికి తెచ్చుకున్నాను. ఎవరికీ గుర్తు లేదు.

ముక్క మళ్ళీ బాగా పెరిగింది. శిరీష చదువు పూర్తయింది. డాక్టరేటు వచ్చిన రోజు మొదట గిర్నికి వచ్చి మా బావ కాళ్ళకు దండం పెట్టింది. ఆమె చీర అంచంతా పిండే. మటన్ తెచ్చింది టిఫిను డబ్బాలో. "మీ ముక్కకు పెట్టలేకపోయాను బాబాయ్ గారూ, మీరు తినండి" అంది. మా అక్క కొడుక్కు కూడా తర్వాత నౌకరి దొరికింది. నా ముక్కే సీనియర్ అని బావ ఇప్పటికీ వాణ్ణి ఏడిపిస్తాడు.

ఆ వణుకు ఏదో వాత లక్షణం కావచ్చు అంది పెద్దమేడం. గొట్టం సంగతి ఊరికే అన్నది తగిలి ఉండవచ్చు అంది. ఆ మధ్యాహ్నం సంగతి అడిగితే మాత్రం కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "నాకు తెలియదు బాలమణీ" అంది. అంత పెద్ద మనిషి తెలియదని నవ్వుతూ ఒప్పుకుంటే నాకెందుకో ధైర్యంగా అనిపించింది.

నాకు ఒక్క సంగతి మాత్రం మనసులో మెదులుతూ ఉంటుంది. నా మొగుడి ఊపిరితిత్తులు ఎవరికీ పనికిరానంతగా పోయాయి. గోరంత మిగిలినా ఆ వెచ్చపెట్టెలో పెట్టించేదాన్ని. రోజూ పొద్దున్నే పోయి ఎట్లున్నవని అడిగేదాన్ని. పలికేవాడు కాదులెండి. అయినా అడిగేదాన్ని.

బావ ముక్కలోంచి కొన్ని గొట్టాలు మళ్ళీ క్యానులో దాచారు. ఈసారి జారకుండా. శిరీష వెళ్ళిపోయాక కూడా అవి అక్కడే ఉన్నాయి. ఆ క్యాను చుట్టూ నేల తుడిచేది నేనే. పని మానేసే ముందు ఒకరోజు, గదిలో ఎవరూ లేరు కదా అని, తుడుపుకర్ర వెనక్కి తిప్పి క్యాను మీద మెల్లగా రెండుసార్లు కొట్టాను. "బావా, ఎట్లున్నవ్?" అన్నాను. ఎందుకన్నానో తెలియదు. నాకే నవ్వొచ్చింది. ఈ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడే రాయిస్తున్నాను.

ఎదురుగా కూర్చున్న బావ చెయ్యి అడ్డం పెట్టాడు.

"రెండు గాదు, మూడుసార్లు కొట్టినవ్" అన్నాడు. "రెండోసారికే మెలకువొచ్చింది నాకు. మూడోది ఎందుకు కొట్టినవే?"

నేను ఆలోచించాను. రెండుసార్లు కొట్టి, నవ్వుకుని, పోతూ పోతూ ఇంకోసారి కొట్టాను. అవును, మూడే.

అక్క కోడలు పెన్ను ఆపి నా మొహం చూస్తోంది. మూడని దిద్దు అన్నాను. ఆయనకెట్లా తెలిసిందో నాకు తెలియదని కూడా రాయి అన్నాను.